ఆ పిల్లని ఎవరైనా అడిగారా?

2024 సెప్టెంబరు మొదటివారంలో మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పని మాటలు ఆగిపోయాయి. టీమ్‌లో ఇద్దరిది విజయవాడ. ఒకతని అమ్మానాన్నలు సింగ్ నగర్‌లో మొదటి అంతస్తులో కరెంటూ మంచినీళ్ళూ లేకుండా మూడు రోజులున్నారు. మిగతావాళ్ళం హైదరాబాదులో పొడిగా కూర్చుని, పడవలున్న వాళ్ళ నంబర్లూ పాల ప్యాకెట్లు పంచే వాళ్ళ నంబర్లూ ఫార్వర్డ్ చేస్తున్నాం. ఏడో తారీఖున బుడమేరు మూడో గండి కూడా పూడ్చేశారని వార్త రాగానే అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను.

ఆ సాయంత్రం పిన్నికి ఫోన్ చేశాను. పిన్ని వాళ్ళది మండవల్లి మండలంలో కొల్లేటి అంచున ఒక లంక ఊరు. "విజయవాడలో తగ్గుతోందంట పిన్నీ" అన్నాను, ఏదో మంచి కబురు మోసుకొచ్చినట్టు.

"ఆఁ, టీవీలో చూశాంరా. అక్కడ తగ్గిందంటే ఇక మాకొస్తున్నట్టేగా నాన్నా" అంది.

గొంతులో కోపం లేదు, భయం కూడా పెద్దగా లేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పింది.

నేను ఏలూరులో పుట్టి పెరిగాను. బుడమేరు కొల్లేట్లో కలుస్తుందని చిన్న క్లాసులోనే చదువుకున్నాను. ఆ తర్వాత ఇంజనీరింగు కూడా చదివాను. అయినా ఆ బొమ్మ పెట్టేటప్పుడు, విజయవాడలో తగ్గిన నీళ్ళు ఆవిరైపోవు కదా, ఎక్కడికో పోతాయి కదా అన్న ఆలోచనే రాలేదు. నాకు తట్టలేదు సరే, తట్టాల్సిన వాళ్ళకి, అది ఉద్యోగమైన వాళ్ళకి తట్టిందా? తట్టినా పైకి అన్నారా? ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న చుట్టూనే.

*

ఆ వైపు వెళ్ళని వాళ్ళ కోసం కొంచెం భూగోళం. కృష్ణా డెల్టాకీ గోదావరి డెల్టాకీ నడుమ పళ్ళెంలా ఉన్న పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, అవి కాక అరవైకి పైగా డ్రెయిన్లూ కాలవలూ అందులోకి దిగుతాయి. బయటికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. అరవై కిలోమీటర్లకి పైగా వంకర్లు తిరిగి సముద్రంలో కలుస్తుంది. వాలు దాదాపు లేదు. సముద్రం పోటు మీదుంటే నీళ్ళు కదలవు. దానికి తోడు గుర్రపుడెక్క వచ్చి వంతెనల కానాల దగ్గర అడ్డం పడుతుంది. వచ్చే దారులు అరవై, పోయే దారి ఒకటి: కొల్లేటి కష్టం మొత్తం ఈ ఒక్క వాక్యంలో ఉంది.

బుడమేరుకి మాత్రం ఇంకో దారి చేశారు. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, అక్కణ్ణుంచి డైవర్షన్ కాలవ తవ్వి, వరదని ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి మళ్ళించారు. కృష్ణలో చోటుంటే అది పనిచేస్తుంది. ఆ సెప్టెంబరులో రెండూ ఒకేసారి పొంగాయి. బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది. అంతకుముందు రికార్డు 2009 అక్టోబరుది, 11.10 లక్షలు. బ్యారేజీని డిజైన్ చేసింది 11.90 లక్షలకి. పదిహేనేళ్ళలో రెండుసార్లు రికార్డు బద్దలైతే, 'నూరేళ్ళకోసారి వచ్చే వరద' అనే మాట మీద ఆధారపడి కట్టినవన్నీ మళ్ళీ లెక్కేసుకోవాలి. వాతావరణం మారుతోందని ఇప్పుడు ఎవరూ కాదనడం లేదు. గట్ల ఎత్తుల్లో, తూముల వెడల్పుల్లో ఆ మార్పు ఎంతవరకు వచ్చిందన్నదే అసలు ప్రశ్న.

మా ఏలూరుకి తమ్మిలేరు. ఖమ్మం వైపు అడవుల్లో పుట్టి, చింతలపూడి మండలం నాగిరెడ్డిగూడెం రిజర్వాయరు దాటి, ఊరి దగ్గర రెండు పాయలుగా చీలి, ఏలూరుని అటూ ఇటూ చుట్టి కొల్లేట్లోకి పోతుంది. ఎండాకాలం అందులో క్రికెట్ ఆడేవాళ్ళం. వానాకాలం శనివారపుపేట కాజ్‌వే మునిగి బళ్ళు ఆగిపోయేవి. 2020 అక్టోబరులో ఊరి శివారు కాలనీల్లోకే వచ్చేసింది. తాడేపల్లిగూడేనికి ఎర్రకాలువ. కొంగువారిగూడెం రిజర్వాయరు నుంచి దిగి, నందమూరు అక్విడక్టు దగ్గర ఏలూరు కాలవని దాటి, యనమదుర్రు డ్రెయిన్ అని పేరు మార్చుకుని భీమవరం మీదుగా సముద్రానికి పోతుంది. 2024 జులైలో అది పొంగితే తాడేపల్లిగూడెం, నిడదవోలు మండలాల్లో వరి నాట్లు మునిగిపోయాయి.

వరద రాత్రుళ్ళు గట్టు మీద కాపలా పడుకునేవాళ్ళమని నాన్న చెప్తుండేవారు. నీళ్ళు పొర్లుతాయేమో చూడ్డానికి అనుకునేవాణ్ణి. "నీళ్ళకి కాపలా ఎందుకురా, అవతలి గట్టువాళ్ళకి కాపలా" అన్నారు ఒకసారి. అవతలి గట్టు తెగితే ఇవతల ఊరు బతుకుతుంది. అంచేత రెండు గట్ల మీదా లాంతర్లు, రెండు గట్ల మీదా కర్రలు. ఇవతల మా నాన్న, అవతల ఇంకెవరి నాన్నో. ఇద్దరూ మంచివాళ్ళే.

*

ఉప్పుటేరు గురించి ఒక కథ ఉంది. కొల్లేటికోటలో గజపతుల కోట ఉండేదట. చుట్టూ నీళ్ళు, శత్రువు లోపలికి రాలేడు. సరస్సు నీళ్ళు సముద్రంలోకి దిగిపోతే కోట చేతికొస్తుందని కాలవ తవ్వించారట. పని నెరవేరడానికి ఒక సేనాపతి తన కూతుర్నే బలిచ్చాడట. ఆ సేనాపతి ఏ పక్షం వాడన్నది చెప్పేవాళ్ళని బట్టి మారుతుంది. ఆ పాయకి పేరంటాల కనుమ అని పేరొచ్చిందంటారు.

చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడు యుద్ధమే గుర్తుండిపోయింది. ఇప్పుడు ఆ పిల్లే గుర్తొస్తోంది. గజపతి పేరు కథలో ఉంది. కోట పేరుంది, కాలవ పేరుంది. నేను విన్న కథలో ఆ పిల్లకి పేరు లేదు. పేరంటాలు అన్నది పేరు కాదు, చచ్చిపోయాక మనం ఇచ్చిన హోదా. పసుపూ కుంకుమా పెట్టి దణ్ణం పెట్టుకుంటే ఇక లెక్క అడిగేవాళ్ళుండరు.

తెలుగులో మనకి రెండు మాటలున్నాయి: త్యాగం, బలి. బయటినుంచి చూస్తే రెండింట్లోనూ ఒకటే జరుగుతుంది, ఒకళ్ళు నష్టపోతారు, పదిమంది బాగుపడతారు. తేడా వ్యాకరణంలో ఉంది. త్యాగం చేసేవాడు ఆ వాక్యానికి కర్త. బలి అయినవాడు కర్మ. మన సభల్లో ఈ వ్యాకరణం తారుమారవుతుంది. పోలవరం నిర్వాసితుల 'త్యాగం' అని ఎన్ని పార్టీల వేదికల మీద వినలేదు? ఆ నిర్వాసితుల్లో చాలామందివి ఏలూరు జిల్లా కుక్కునూరు, వేలేరుపాడు మండలాల ఊళ్ళు. 2024 జులైలో అశ్వారావుపేట దగ్గర పెదవాగు ప్రాజెక్టు కట్ట తెగి వరద పడింది కూడా ఆ మండలాల మీదే. ప్రాజెక్టు తెలంగాణలో, ఆయకట్టులో ఎక్కువ భాగం ఆంధ్రాలో. మరమ్మతు ఎవరి డబ్బుతో అని రెండు రాష్ట్రాలూ మాట్లాడుకుంటుండగానే వాన వచ్చేసింది. కర్మ స్థానంలో ఉన్నవాళ్ళకి మరో కర్మ.

*

ఇప్పుడు సన్నద్ధత సంగతి. ఆ మాట వినగానే మనకి కనిపించేవి ఇసుక బస్తాలు, కంట్రోల్ రూము నంబరు, నారింజ రంగు బట్టల్లో ఎన్‌డీఆర్‌ఎఫ్ వాళ్ళు. 2005 విపత్తు నిర్వహణ చట్టం సెక్షన్ 41 స్థానిక సంస్థలకి చెప్పేది ఇంతకంటే చప్పగా ఉంటుంది, కానీ ముఖ్యమైంది: సిబ్బందికి శిక్షణ ఇవ్వండి, సామగ్రిని ఎప్పుడు కావాలంటే అప్పుడు వాడేలా ఉంచండి, మీరు కట్టేవి ప్రమాణాల ప్రకారం కట్టండి. రెండోదాన్ని మా ఊరి భాషలో చెప్పుకుంటే, షట్టరుకి గ్రీజు పెట్టి ఉంచండి అని.

షట్టరుకి గ్రీజు పెట్టేవాణ్ణి మా వైపు లస్కరు అంటారు. కాలవ తూములు ఎత్తడం, దించడం, గట్టు మీద నడుస్తూ ఎండ్రకాయ బొరియలు పూడ్చడం, తూడూ గుర్రపుడెక్కా లాగించడం ఆయన పని. మా వీధి చివర రిటైరైన లస్కరు తాత ఒకాయన ఉండేవాడు. "నేను బాగా చేసినన్నాళ్ళూ ఎవుడూ నా పేరు అడగలేదండి, ఒక్కసారి తూము తెగితే కలెక్టరుగారే పేరు పెట్టి పిలిచారు" అని నవ్వేవాడు. గండి పూడ్చినవాడికి దండ వేస్తాం. గండి పడకుండా చూసినవాడికి దండ వెయ్యాలంటే, పడని గండిని ఎక్కడని చూపిస్తాం? లస్కరు పోస్టులు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంటున్నాయని మా జిల్లా పేజీల్లో వార్త వస్తూనే ఉంటుంది. పడని గండికి ఓట్లు పడవు కాబట్టి.

ఇంతవరకు చాలామంది రాశారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు. మా పనిలోనూ ఇదే గోల. అర్ధరాత్రి సర్వరు పడిపోతే, నిద్రమొహంతో లేచినవాడు ఏ వరసలో ఏం చెయ్యాలో రాసిపెట్టే కాగితాన్ని రన్‌బుక్ అంటాం. ఒకసారి రాత్రి రెండింటికి అది తెరిస్తే మూడో మెట్టులో 'ఫలానా టీముకి ఫోన్ చెయ్యండి' అనుంది. ఆ టీము లేకుండా పోయి ఏడాదైంది. రాసిన కాగితం ఉన్నంత మాత్రాన సన్నద్ధత ఉన్నట్టు కాదని ఆ రాత్రి తెలిసింది.

కానీ అదే రన్‌బుక్‌లో ఇంకో పేజీ ఉంటుంది. సిస్టం మీద మోయలేనంత భారం పడితే ముందు ఏ సర్వీసు ఆపాలి, తర్వాత ఏది, చివరిదాకా ఏది నిలబెట్టాలి అని వరసగా రాసి ఉంటుంది. దాన్ని మేం లోడ్ షెడ్డింగ్ అంటాం, కరెంటువాళ్ళ దగ్గర అప్పు తెచ్చుకున్న మాటే. మొత్తం రన్‌బుక్‌లో నిజాయితీ గల పేజీ అది. 'అందర్నీ కాపాడతాం' అని అది చెప్పదు. భారం మించితే మొదట ఎవరిని వదిలేస్తామో చెప్తుంది. అది రాసేటప్పుడు మీటింగులో గొడవలవుతాయి. తెల్లారగట్ల మూడింటికి కాకుండా పట్టపగలు టీ తాగుతూ గొడవ పడటమే దాని ప్రయోజనం.

విపత్తు ప్లాన్లలో నాకు ఆ పేజీ కనపడలేదు. ఫోన్ నంబర్లు, పునరావాస కేంద్రాలు, పడవల లెక్క, గజ ఈతగాళ్ళ జాబితా ఉంటాయి. అన్ని షట్టర్లకీ గ్రీజు పెట్టి, అన్ని గట్లూ బిగించి, గుర్రపుడెక్క మొత్తం తీసేసినా కొన్ని ఏళ్ళు వచ్చే నీళ్ళు పట్టవు. అప్పుడు ఎవరి మీదికి వదలాలి? ఆ ప్రశ్నకి జవాబు లేకుండా ఉండదు. నేల వాలే జవాబు చెప్పేస్తుంది, లేదా ఆ రాత్రి గేటు దగ్గరున్న ఇంజనీరు, ఆయనకి ఫోన్ చేయగలిగినవాళ్ళు చెప్తారు. 2024లో వెలగలేరు గేట్లు ఎందుకెత్తారు, ఎవరు చెప్తే ఎత్తారు, కింద వాళ్ళకి ముందే చెప్పారా అని తర్వాత పార్టీలు నెలల తరబడి వాదించుకున్నాయి. ఎవరి మాట నిజమో తేల్చడం ఇక్కడ నా పని కాదు. వాదన నీళ్ళు పోయాక జరిగిందన్నదే నా ఫిర్యాదు.

*

రాల్స్ అనే అమెరికన్ తత్వవేత్త న్యాయానికి ఒక చిట్కా చెప్పాడు. సమాజానికి నియమాలు రాసేటప్పుడు, ఆ సమాజంలో నువ్వు ధనికుడివా పేదవాడివా, ఏ ఇంట్లో పుడతావు అన్నది నీకు తెలియదని అనుకో. మొహం మీద అజ్ఞానపు తెర వేసుకుని రాయి. అప్పుడు రాసేవే న్యాయమైన నియమాలు.

కాలేజీలో ఇది చదివినప్పుడు భలే అనిపించింది. వరద ప్లానుకి ఇది సరిగ్గా సరిపోతుంది అనుకున్నాను. ఏ ఏడు ఎక్కడ వాన పడుతుందో తెలియదు కదా, తెర దానంతటదే ఉంది కదా అని. పిన్ని మాటతో అది కూలిపోయింది. పిన్నికి తెర లేదు. వాన వెలగలేరు మీద పడనీ, చింతలపూడి మీద పడనీ, చివరికి నీళ్ళు తన గుమ్మానికే వస్తాయని తెలుసు. తెర పైనున్న వాళ్ళకే. పల్లం వాళ్ళు అన్నీ చూస్తూనే ఉంటారు. కాబట్టి 'అందరం ఒకే పడవలో ఉన్నాం' అనే మాట కొల్లేట్లో చెల్లదు. కొందరు పడవలో ఉన్నారు, కొందరు పడవ కింద నీళ్ళలో ఉన్నారు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది, దాన్ని దాటేసిపోకూడదు. కొల్లేటి వాళ్ళు ఉత్త బాధితులా? చేపల చెరువులు తవ్వి, గట్లేసి, నీటి దారి మూసింది అక్కడివాళ్ళే కదా? నిజమే, సగం నిజం. 1970ల్లో మత్స్యకారులకీ పేదలకీ సొసైటీలు పెట్టి సరస్సు నేలలో చెరువులు తవ్వుకోమన్నది ప్రభుత్వమే. తర్వాత వాటిల్లో చాలా భాగం లీజుల పేరుతో డబ్బున్న వాళ్ళ చేతికి పోయింది. 1999లో జీవో 120తో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చెరువు గట్లు పేల్చేశారు. 2008లో శాసనసభ, కాంటూరుని మూడుకి తగ్గించండి అని తీర్మానం చేసింది. చెరువులు మళ్ళీ వచ్చాయి. కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి.

కాంటూరు అంటే సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీత. ప్రకృతి గీసిన గీతే, కానీ అయిదు దగ్గర ఆగాలా మూడు దగ్గర ఆగాలా అన్నది మనుషులు తేల్చేది. ఎవరు లోపల, ఎవరు బయట అని తేల్చే గీత అది. ఒక తరానికి తవ్వుకోమని, రెండో తరానికి పేల్చేస్తామని, మూడో తరానికి చూద్దాంలే అని చెప్పాక, అక్కడ ఎవరు ఆక్రమణదారుడు, ఎవరు పిలిస్తే వచ్చినవాడు అని విడదీయడం తేలిక కాదు. నీటి దారి మూసిన పెద్ద గట్లు తొలగించాల్సిందే. ఆ మాట నేను మెత్తగా చెప్పడం లేదు. కానీ వరద రాత్రి నీళ్ళు మొదట ఎక్కేది లీజుదారు ఇంట్లోకి కాదు. ఆయన ఇల్లు ఏలూరులోనో భీమవరంలోనో మేడ. నీళ్ళు ఎక్కేది చెరువు కాపలావాడి గుడిసెలోకి, పిన్ని గొడ్ల చావిట్లోకి.

*

వేరేచోట్ల ఏం చేశారో రెండు ఉదాహరణలు. అమెరికాలో 1927 మిసిసిపి వరద తర్వాత, 1928లో చట్టం చేసి మిజోరీ రాష్ట్రంలో ఒక పెద్ద మైదానాన్ని వరద దారిగా ప్రకటించారు. నది మరీ పొంగితే ఆ గట్టుని ప్రభుత్వమే పేలుస్తుంది. అలా పొలాల మీదికి నీళ్ళు వదిలే హక్కుని ముందే భూస్వాముల దగ్గర డబ్బిచ్చి కొనుక్కుంది. 1937లో ఒకసారి వాడారు, మళ్ళీ 2011 మే 2 రాత్రి. అవతల కైరో అనే చిన్న ఊరు మునిగిపోకుండా, ఇవతల లక్షా ముప్పై వేల ఎకరాల మీదికి నీళ్ళు వదిలారు. కోర్టు కేసులయ్యాయి, ఏడ్చారు, తిట్టారు. కానీ ఆ భూమి పత్రాల్లో 'ఇక్కడికి నీళ్ళు రావచ్చు' అని రాసి ఉంది.

ఇదీ అంత అందమైన కథ కాదు. ఆ మైదానంలో పిన్‌హుక్ అని నల్లజాతి రైతుల చిన్న పల్లె ఉండేది. ఆ రాత్రి తర్వాత అది లేదు. ఇళ్ళన్నీ పోయి మనుషులు చెల్లాచెదురయ్యారు. ఒప్పందం భూమి ఉన్నవాళ్ళతో జరిగింది. వాళ్ళకి తక్కువ భూమి, తక్కువ గొంతు. మన దగ్గర ఇలాంటి ఒప్పందం రాస్తే కౌలు రైతు పేరు, చెరువు కూలీ పేరు అందులో ఉండవని నేనిప్పుడే చెప్పగలను.

రెండోది నెదర్లాండ్స్. 1993, 1995ల్లో నదులు భయపెట్టాక, గట్లు ఇంకా ఎత్తు చేసుకుంటూ పోవడం కాకుండా నదికే చోటు వదిలే పథకం మొదలుపెట్టారు. ఓవర్‌డీప్సె అనే పల్లంలోని రైతులకి మీ భూమి కావాల్సొస్తుందని ఏళ్ళకి ముందే తెలిసింది. వాళ్ళు కూర్చుని వాళ్ళే ఒక ప్లాను వేసుకున్నారు: గట్టు తగ్గించండి, నీళ్ళు రానివ్వండి, కానీ మాకు ఎత్తయిన దిబ్బలు వేసి వాటి మీద ఇళ్ళూ పశువుల కొట్టాలూ కట్టించండి. కొందరు డబ్బు తీసుకుని వెళ్ళిపోయారు, కొందరు దిబ్బలెక్కి ఉండిపోయారు. వాళ్ళది డబ్బున్న దేశం, మనతో పోలికేంటి అంటారు. డబ్బు సంగతి అలా ఉంచండి. వాళ్ళని ఎవరో ముందే అడిగారు. అడగడానికి పెద్ద ఖర్చేం కాదు. అడిగినందుకే వాళ్ళు ఆ వాక్యానికి కర్తలయ్యారు. అదీ త్యాగానికీ బలికీ తేడా.

నా వాదన ఇంతే. స్థానిక ప్రభుత్వానికి వరద విషయంలో మొదటి నైతిక బాధ్యత, రక్షించడానికంటే ముందు, నిజం చెప్పడం. ఇంత వాన పడితే ఈ గేటు ఎత్తుతాం, నీళ్ళు ఇన్ని గంటల్లో మీ ఊరొస్తాయి, ఇంత లోతు ఉండొచ్చు, దానికి మీకు ఇంత ఇస్తాం, కౌలుదారుకి ఇంత, కూలీకి ఇంత. వేసవిలో, పట్టపగలు, గ్రామసభలో. 2024 వరద తర్వాత విజయవాడలో ముంపు ఇళ్ళకి గ్రౌండ్ ఫ్లోరుకి పాతికవేలు, పై అంతస్తుకి పదివేలు అని ప్రకటించారు. ఇచ్చారు, మంచిదే. కానీ నష్టం జరిగాక ఇచ్చేది దయ, ముందు రాసుకున్నది హక్కు. అంకె ఒకటే అయినా, తీసుకునే చెయ్యి తేడాగా ఉంటుంది.

ముందే చెప్తే గొడవలవుతాయి, భూమి ధర పడిపోతుంది, గట్లు ముందే కొట్టుకుంటారు అంటారు. అవుతాయేమో. ఆ గొడవ లాంతర్లతో, కర్రలతో ఇప్పటికే అవుతోంది, మా నాన్న కాలం నుంచీ. పగలు పడాల్సిన గొడవని రాత్రికి వాయిదా వేశాం, అంతే. రాత్రి గొడవలో బలమున్నవాడు గెలుస్తాడు. పగటి గొడవలో కనీసం మినిట్స్ రాస్తారు.

ఎవరు చెప్పాలన్నది ఇంకో చిక్కు. 2025లో విపత్తు చట్టాన్ని సవరించి, మున్సిపల్ కార్పొరేషన్లున్న నగరాలకి విడిగా పట్టణ విపత్తు నిర్వహణ సంస్థ పెట్టుకోవచ్చన్నారు. ఏలూరు కార్పొరేషను కాబట్టి దానికి రావచ్చు. తాడేపల్లిగూడెం మున్సిపాలిటీ, దానికి రాదు. లంక ఊళ్ళకి పంచాయతీలే దిక్కు. బుడమేరు పైన ఎన్టీఆర్ జిల్లా, కొల్లేరుకి వచ్చేసరికి ఏలూరు జిల్లా. ఎర్రకాలువ ఏలూరు, తూర్పుగోదావరి, పశ్చిమగోదావరి మూడింటినీ తడిపి పోతుంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మనిషి సౌకర్యం చూశారు, నీళ్ళ దారి చూడలేదు. నగరానికి సొంత విపత్తు సంస్థ వస్తే అది నగరాన్ని కాపాడుకుంటుంది, అది దాని పని. నగరం బాగా కాపాడుకున్న కొద్దీ నీళ్ళు కిందికి ఇంకాస్త వేగంగా వెళ్తాయి. ఏలూరు తమ్మిలేరు గట్టుకి గోడ ఎత్తు చేసిన ప్రతిసారీ ఏలూరు వాడిగా నేను సంతోషిస్తాను. పిన్ని కొడుకు వరసవాణ్ణి కాబట్టి పూర్తిగా సంతోషించలేను.

*

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు పిన్నిని అడిగాను, ఇవన్నీ బుర్రలో తిరుగుతున్నాయి కాబట్టి. "రెండు రోజులు ముందే మీ ఊరికి ఇన్ని నీళ్ళొస్తాయి అని ఎవరైనా వచ్చి చెప్తే ఏం చేస్తావు పిన్నీ?"

"ఏం చేస్తాం, గేదెల్ని గట్టెక్కిస్తాం. బియ్యం అటక మీద పెడతాం. ఎప్పుడూ చేసేదే."

"మరి చెప్పినా చెప్పకపోయినా ఒకటేగా?"

అరిసెల పాకం చూస్తోంది. గరిటె తిప్పడం ఆపి నా వైపు చూసింది.

"ఒకటెలా అవుతుందిరా? చెప్తే, మేమూ ఉన్నామని వాళ్ళకి తెలిసినట్టు."